చెలమ లోతు ఎంత?



చిన్నప్పుడు ఎండాకాలం సెలవులొస్తే మా ఊరి పిల్లలందరికీ ఏటి ఇసుకే ఆటస్థలం. ఆడి ఆడి దప్పికైతే ఇంటికి పరిగెత్తే పని లేదు. ఇసుకలో చతికిలబడి రెండు చేతులా తవ్వేవాళ్లం. మోచేయి మునిగే లోతుకి చల్లగా తగిలేది. ఇంకో నాలుగు పిడికిళ్లు తీస్తే నీళ్లు ఊరేవి. మొదట ఊరేవి మట్టిరంగు నీళ్లు. వాటిని దోసిళ్లతో రెండు మూడు సార్లు బయటికి చల్లేస్తే, తర్వాత ఊరేవి కొబ్బరినీళ్లంత తేటగా ఉండేవి. దాన్నే చెలమ అంటాం. స్వర్ణముఖి ఏటి ఒడ్డున పెరిగిన నా ఈడు వాళ్లకి ఇదంతా చెప్పక్కర్లేదు. వాళ్ల మనవళ్లకి మాత్రం చెప్పాలి.

మా అవ్వ పొద్దున్నే బిందె తీసుకుని ఏటికి పోయేది. వచ్చాక అరుగు మీద కూర్చుని, ‘ఈ పొద్దు భుజం దాకా పెట్టాల్సొచ్చింది రా’ అనేది. వానాకాలం వెళ్లిన కొత్తల్లో మణికట్టు లోతు, సంక్రాంతి దాటితే మోచేయి, ఎండలు ముదిరితే భుజం. అవ్వకి అక్షరం రాదు. కానీ ఏటి అడుగున నీటి మట్టాన్ని ఏడాది పొడుగునా తన చేతితో కొలిచిన మనిషి ఆవిడ. ఆ కొలతలన్నీ ఆవిడతోనే పోయాయి. నలభై ఏళ్ల పాటు వృక్షశాస్త్రం పాఠాలు చెప్పిన నేను కూడా వాటిని రాసుకోలేదు. ఈ ప్రసంగం చెయ్యడానికి ఒప్పుకున్నప్పుడు మొదట గుర్తొచ్చింది అదే.

ఏటిగట్టు అడవి ఆరోగ్యాన్ని ఎవరు కనిపెట్టుకుని ఉండాలి? ఎలా కనిపెట్టాలి? ఇవాళ నేను మాట్లాడదలచింది దీని గురించే.

మన చిత్తూరు, తిరుపతి జిల్లాల్లో అడవి అనగానే శేషాచలం కొండలు గుర్తొస్తాయి. తప్పు లేదు. 1989లో శ్రీ వేంకటేశ్వర జాతీయ పార్కు అయింది. 2010లో శేషాచలం జీవావరణ కేంద్రంగా గుర్తింపు వచ్చింది, నాలుగు వేల ఏడు వందల చదరపు కిలోమీటర్లకు పైగా ఉంటుంది. ఎర్రచందనం, తంబజాలారి, తెల్లకరక లాంటి చెట్లకు పుట్టిల్లు. అయితే ఆ కొండల అడవికి కాపలా ఉంది, చెక్‌పోస్టులున్నాయి, పరిశోధకులున్నారు. దాని కింద, ఊళ్ల మధ్యగా, ఏటికి రెండు పక్కలా సన్నటి జడపాయలా సాగే అడవి మరొకటి ఉంది. దాన్ని అడవి అని ఎవరూ అనరు. ఏటిగట్టు అంటారు, వంక అంటారు, కంప అంటారు. స్వర్ణముఖి పాకాల వైపు కొండల్లో పుట్టి చంద్రగిరి, తిరుపతి, శ్రీకాళహస్తి, నాయుడుపేటల మీదుగా సముద్రం చేరేదాకా సుమారు 130 కిలోమీటర్లు. శేషాచలం నుంచి దిగే కల్యాణి నది తొండవాడ దగ్గర ముక్కోటిలో దీంతో కలుస్తుంది. ఈ దారి పొడుగునా ఒకప్పుడు మద్ది, కానుగ, నేరేడు, మేడి, వావిలి పొదలు, మొగలి డొంకలు ఉండేవి. ఇప్పుడు అక్కడొక తునక, ఇక్కడొక తునక.

ఈ చెట్ల పేర్లలోనే ఏరు ఉంది చూడండి. తెల్లమద్దిని ఏరుమద్ది అని కూడా అంటారు. కొండమీది నల్లమద్ది వేరు, ఇది వేరు. ఏరుమద్ది కాయకి ఐదు రెక్కలుంటాయి, చెక్కలాగా తేలిగ్గా ఉంటుంది. నీళ్లలో పడితే తేలుతూ పోయి ఎక్కడో ఇసుక మేట మీద ఆగుతుంది. కానుగ కాయా అంతే. మేడి సంగతి గబ్బిలాలు, పికిలిపిట్టలు చూసుకుంటాయి. ఏరు పారితేనే ఈ చెట్లకి సంతానం. మన ఏరు పారేది ఎప్పుడు? ఈశాన్య రుతుపవనాలు దయ తలిస్తే అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. మిగతా ఏడాదంతా పైన ఇసుక, అడుగున తడి. పెద్ద చెట్టు బతికేది ఆ అడుగు తడి మీదే. అంటే మా అవ్వ చేత్తో కొలిచిన ఆ లోతే మద్దిచెట్టు బతుకు కూడా. ఇసుక తోడేస్తే తడి కిందికి దిగుతుంది. దిగిన తడిని వేరు అందుకోలేకపోతే చెట్టు ఒక్కసారిగా చావదు. ముందు తల ఎండుతుంది, కొస కొమ్మలు మోడుబారతాయి. మనం కింది నుంచి చూసి పచ్చగానే ఉందిలే అనుకుంటాం.

ఇంకో మోసం కూడా ఉంది. వందేళ్ల మద్దిచెట్టు కాండం ఇద్దరు మనుషులు చేతులు చాపినా అందనంత లావుగా నిలబడి ఉంటే, ఈ అడవికేం, బాగానే ఉంది అంటాం. కానీ ఆ చెట్టు చుట్టూ నడుం వంచి వెతకండి. మోకాలెత్తు మొక్క ఒక్కటైనా ఉందా? భుజం ఎత్తు మొక్క ఉందా? ముసలివాళ్లు మాత్రమే మిగిలిన ఊరు ఎలా ఉంటుందో మన పల్లెలు చూస్తే తెలుస్తుంది. అడవికీ అదే గతి. చెట్లుండీ వాటికి పిల్లలు లేకపోతే ఆ అడవి వయసు మనం లెక్కపెట్టవచ్చు.

ఆ ఖాళీలో ఏం మొలుస్తోంది? సర్కారు తుమ్మ. దీని కథ కాస్త చెప్పుకోవాలి, ఎందుకంటే ఇది మన సీమ కథే. 1876లో మద్రాసు ప్రెసిడెన్సీలో అడవుల అధికారిగా ఉన్న బెడ్డోమ్ అనే ఇంగ్లీషు దొర, ఈ విత్తనాలు తెప్పించమని సర్కారుకి రాశాడు. మరుసటి ఏడు జమైకా నుంచి వచ్చిన విత్తనాలను మన పక్కనే కడప జిల్లా కమలాపురం దగ్గర నాటారు. కరువు నేలకి వంటచెరకు కావాలన్నది ఆయన ఆలోచన. ఇదే బెడ్డోమ్ 1870లో మన తూర్పు కనుమల బంగారు బల్లిని శాస్త్రలోకానికి పరిచయం చేసిన మనిషి. తిరుమల కొండల్లో పెరిగే పేరీత చెట్టు శాస్త్రీయ నామంలో ఉన్నది కూడా ఆయన పేరే. అంత బాగా చూడగలిగిన కళ్లు! అయినా తను తెప్పించిన మొక్క నూట యాభై ఏళ్లలో ఏం చేస్తుందో ఆయనకి తెలిసే వీలు లేదు. ఆయన్ని నేను తిట్టను. పొయ్యి కింద ఆ తుమ్మే మండించి అన్నం వండుకున్న ఇళ్లు మనవి. నా ఫిర్యాదల్లా ఒకటే. నాటినప్పుడు పుస్తకంలో రాశారు. నాటిన చోటికి ఏటేటా పోయి, ఎంత మేర పాకింది, దేన్ని తోసేసింది అని వరసగా రాసిన పుస్తకం లేకపోయింది. అది ఉండి ఉంటే, ఏటి గర్భంలోకి దిగక ముందే మేలుకునేవాళ్లమేమో.

బంగారు బల్లి మాటొచ్చింది కాబట్టి ఇంకొక్క మాట. బెడ్డోమ్ చూశాక వందేళ్లకు పైగా అది శాస్త్రజ్ఞుల కంట పడలేదు. 1980లలో తిరుమల కొండల్లో మళ్లీ దొరికింది. తలకోన లాంటి చోట్ల వాగుల పక్కన, తడి ఆరని రాతి సందుల్లో ఉంటుందది. వందేళ్లూ అది అక్కడే ఉంది పాపం. వెతికిన వాళ్లే లేరు.

వెతకడానికి, వరసగా చూడడానికి పెద్ద పెద్ద పట్టాలు కావాలా? అమెరికాలో న్యూమెక్సికో అనే రాష్ట్రం ఉంది. మన రాయలసీమకి దగ్గరి చుట్టం లాంటి ఎండ నేల. అక్కడ రియో గ్రాండే నది గట్టున కాటన్‌వుడ్ చెట్ల అడవి ఉంది. ఆ చెట్టు ఆకు మన రావి ఆకులా గాలి లేకపోయినా కదులుతూనే ఉంటుంది, గింజ బూరుగు దూదిలా ఎగురుతుంది. ఆ గింజ మొలవాలంటే వరదొచ్చి తీసిన తర్వాత మిగిలే తడి ఇసుక కావాలి. ఎగువన 1970లలో కొచిటి ఆనకట్ట వచ్చాక అలాంటి వరద కరువైంది. పాత చెట్లున్నాయి, పిల్లచెట్లు లేవు. బయటి నుంచి తెచ్చిన ఉప్పుదేవదారు లాంటి పొదలు ఖాళీని ఆక్రమించాయి. మన కథే కదా! 1996లో అల్బుకర్కీ నగరంలో విశ్వవిద్యాలయం వాళ్లు, అక్కడి ఒక బడి వాళ్లు కలిసి ఒక పని మొదలుపెట్టారు. క్లిఫర్డ్ క్రాఫర్డ్ అనే జీవశాస్త్ర ఆచార్యుడు దానికి మూలపురుషుల్లో ఒకడు. నదిగట్టున కొన్ని చోట్లు ఎంచుకుని, నేలలోకి గొట్టాలు దించి, నెలనెలా బడిపిల్లలు, స్వచ్ఛందంగా వచ్చే పెద్దలు ఆ గొట్టంలో నీరెంత లోతున ఉందో కొలుస్తారు. చెట్ల కింద తొట్లు పెట్టి రాలిన ఆకుని పోగుచేసి, ఆకు వేరు, పుల్ల వేరు, పువ్వు వేరు చేసి ఆరబెట్టి తూస్తారు. వాన కొలుస్తారు. నేలలో గ్లాసులు పాతి రాత్రిపూట పడే చీమలు, పేడపురుగులు లెక్కపెడతారు. అంతే. ఇప్పటికీ సాగుతోంది. ఆ గొట్టం గురించి చదివినప్పుడు నాకు నవ్వొచ్చింది, కాస్త దిగులు కూడా వేసింది. అది గొట్టపు చెలమ కాక ఇంకేమిటి?

మనకి చేతకాదని అనుకోనక్కర్లేదు. మన చిత్తూరు రైతులు ఇది చేసి చూపించినవాళ్లే. 2003 నుంచి కొన్నేళ్లపాటు ఉమ్మడి రాష్ట్రంలో ఏడు కరువు జిల్లాల్లో, వాటిలో చిత్తూరు ఒకటి, ఆరు వందలకు పైగా పల్లెల్లో రైతులే తమ భూగర్భజలాల లెక్క రాసుకున్నారు. ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ దీనికి తోడుంది. మిద్దె మీద వానకొలత పాత్ర, చేతిలో బోరులోకి దించే టేపు. పది పదిహేను రోజులకోసారి నీటి మట్టం రాసి ఊరి గోడ మీద ఎక్కించేవారు. రబీ ముందు ఊరంతా కూర్చుని, ఉన్న నీరింత, వరి పెడితే ఇంత పోతుంది, వేరుశనగైతే ఇంత అని లెక్క తేల్చుకునేవారు. ఏ పైరు పెట్టమని ఎవరూ ఎవర్నీ శాసించలేదు. అంకె కళ్లెదుట ఉన్నప్పుడు వరి తగ్గించుకున్న రైతులు చాలామంది. పదో తరగతి కూడా దాటని ఆడవాళ్లు, మగవాళ్లు భూగర్భ శాస్త్రం మాట్లాడుతుంటే దేశదేశాల నుంచి వచ్చి విని పోయారు.

పిల్లల సంగతికొస్తే మదనపల్లె దగ్గర రిషివ్యాలీ బడి ఉంది. జిడ్డు కృష్ణమూర్తి స్థాపించినది. ఆ లోయ చుట్టూ ఒకప్పుడు ఉన్నవి బోడి గుట్టలే. దశాబ్దాల తరబడి చెట్లు పెంచి, వాననీరు నిలబెట్టుకున్నారు. చెట్లొచ్చాక పిట్టలొచ్చాయి. ఏ పిట్ట ఎప్పుడొచ్చింది, ఎక్కడ గూడు కట్టింది అని అక్కడి ఉపాధ్యాయులు, పిల్లలు చూస్తూ రాస్తూ వచ్చారు. 1991లో ఆ లోయ పక్షుల రక్షిత ప్రాంతమైంది. రంగస్వామి, శ్రీధర్ గార్లు 1993లో దాని మీద ఏకంగా ఒక పుస్తకమే తెచ్చారు. దక్షిణాది రాతిగుట్టల్లో తప్ప కనబడని పసుపు గొంతు పికిలిపిట్ట అక్కడి అతిథుల్లో ఒకటి. బడిపిల్లలు ఒక చెట్టుని ఎంచుకుని వారం వారం ఆకు, పూత, కాయ రాసే సీజన్‌వాచ్ అనే దేశవ్యాప్త కార్యక్రమం కూడా నడుస్తోంది. కేరళ బడులు దాన్ని పండగలా పట్టుకున్నాయి. మనకి గడప అవతలే ఉన్న తమిళనాడులో సంక్రాంతికి పిట్టల్ని లెక్కపెడతారు. ఇక మనకి శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం 1954 నుంచి ఉంది, ఏర్పేడు దగ్గర ఐసర్ అనే విజ్ఞాన విద్యా పరిశోధన సంస్థ ఉంది. దారి చెప్పే పెద్దలు లేరనడానికి లేదు.

ఇప్పుడు నా పుస్తకం సంగతి చెప్పాలి. ఉద్యోగ విరమణ అయ్యాక చంద్రగిరి పక్కన ఏటిగట్టున ఒక మద్దిచెట్టుని ఎంచుకున్నాను. నెలకోసారి పోయి చూసి రాయాలని నియమం పెట్టుకున్నాను. రెండో ఏడు కొలిస్తే చెట్టు చుట్టుకొలత ఏడు సెంటీమీటర్లు తగ్గింది. చెట్టు సన్నబడడమేమిటి! రాత్రంతా నిద్ర పట్టలేదు, కరువుకి చిక్కిపోయిందేమో అని. తర్వాత తెలిసింది. మొదటి ఏడు టేపు పట్టింది మా మనవడు, వాడి ఛాతీ ఎత్తున కొలిచాడు. రెండో ఏడు పట్టింది నేను. చెట్టు మొదట్లో లావు, పైకి పోయేకొద్దీ సన్నం. జీవితమంతా పిల్లలకి ‘నేల నుంచి నాలుగున్నర అడుగుల ఎత్తున కొలవండి’ అని చెప్పిన మాస్టారి చెట్టే ఇలా అయింది. ఆ రోజే పోయి ఆ ఎత్తున కాండం చుట్టూ ఎర్రరంగు గీత గీశాను. ఏ కొలతైనా అదే గీత మీద. ఎవరు కొలిచారో పేరు కూడా రాస్తున్నాను.

ఇంకో తప్పు ఇంతకంటే పెద్దది. ఏదైనా కనబడితేనే రాసేవాణ్ని. పూత కనబడింది, రాశాను. చెట్టు కింద మొలకలు కనబడలేదు, ఆ నెల పేజీ ఖాళీ. మూడేళ్ల తర్వాత ఆ ఖాళీ పేజీ తీసి చూస్తే, మొలకలు లేవా, నేను వెళ్లలేదా, వెళ్లీ చూడలేదా, ఏదీ తేలదు. ‘వెతికాను, లేవు’ అన్న రెండు మాటలు రాయడానికి మనకెందుకో చేయి రాదు. పరీక్ష పేపర్లో సున్నా చూసి భయపడిన అలవాటు కాబోలు. ఏటిగట్టు పుస్తకంలో మాత్రం సున్నా విలువైన అంకె. చెట్లకు పిల్లలు లేరని చెప్పేది అదే.

పేజీ ఖాళీగా వదిలేస్తే దాని ఖరీదెంతో నాకు 2021లో తెలిసింది. ఆ నవంబరు 18, 19 తేదీలు తిరుపతి వాళ్లు మరిచిపోరు. వీధులు ఏర్లయ్యాయి, తిరుచానూరు దగ్గర స్వర్ణముఖి గట్టు కోసుకుపోయి ఇల్లు నదిలోకి ఒరిగిపోయిన దృశ్యం దేశమంతా చూసింది. మనుషుల కష్టం ముందు చెట్ల మాట ఎత్తడం బాగుండదు, నేనూ ఆ రోజుల్లో ఎత్తలేదు. కానీ ఏటిగట్టు అడవికి అలాంటి వరద చావూ పుట్టుకా కూడా. గట్టుతో పాటు పెద్ద చెట్లు పోతాయి. మరోచోట కొత్త ఇసుక మేట, పైన ఒండ్రు పొర. మద్దికాయ తేలుతూ వచ్చి ఆగే చోటు అదే. ఆ మేట మీద మొదటి చలికాలంలో ఏ మొలకలు లేచాయి? మద్ది ముందా, కానుగ ముందా, సర్కారు తుమ్మ ముందా? పశువు తొక్కినవెన్ని, ఎండాకాలం దాటినవెన్ని? ఏళ్ల తరబడి ఎదురుచూస్తే ఒక్కసారి దొరికే పాఠం అది. నా పుస్తకంలో ఆ చలికాలం నాలుగు నెలలకీ కలిపి ఉన్నది ఒకే వాక్యం: ‘దారి తెగింది, పోలేదు.’ దారి రెండు వారాల్లో బాగైంది. నేనే పోలేదు.

మన దగ్గర వనమహోత్సవాలకి లోటు లేదు. గుంత తీయడం, మొక్క పెట్టడం, ఫొటో దిగడం, అన్నీ ఒక పూటలో అయిపోతాయి. నాకు వాటి మీద కోపం లేదు కానీ, పోయినేడు నాటిన గుంతలోనే ఈ ఏడూ నాటుతుంటే మాత్రం నవ్వు ఆపుకోలేను. ఏటిగట్టుకి ఇప్పుడు కావలసింది మొక్క పట్టుకొచ్చే చేతుల కంటే, నెలనెలా ఒకే చోటికి తిరిగొచ్చే కాళ్లు. ఒక బడి ఒక ఫర్లాంగు గట్టు చూసుకోవచ్చు. ఆరో తరగతి పిల్ల మొదలుపెట్టి పదో తరగతికి వచ్చేసరికి ఆ పుస్తకం తర్వాతి ఆరో తరగతికి అప్పగించి పోవచ్చు. సామాను పెద్దగా అక్కర్లేదు. దర్జీ టేపు, గట్టి అట్ట పుస్తకం, తడిసినా చెరగని పెన్సిలు, దోమతెర గుడ్డ కట్టిన నాలుగు బుట్టలు. నీటి మట్టానికి గట్టు మీది పాత బావి చాలు. ఎన్ని మట్లు దిగిందో తాడుకి ముడులేసి చూడొచ్చు. ఇసుక తవ్విన గుంతల దగ్గరికి మాత్రం పిల్లల్ని పోనివ్వకండి, ఒడ్డు విరిగిపడుతుంది. కొండ మీది అడవిలోకి పోవాలంటే అటవీశాఖ అనుమతి కావాలి. ఊరి ఏటిగట్టుకి మాస్టారు, ఇద్దరు పెద్దవాళ్లు తోడుంటే చాలు. ఆ ఇద్దరిలో ఒకరు గట్టు మీద మేకలు కాసే మనిషో, ఏట్లో చేపలు పట్టే యానాదో అయితే మరీ మంచిది. మా మద్దిచెట్టు ఆకు రాల్చడం ఈమధ్య ముందే మొదలవుతోందని నాకు మొదట చెప్పింది ఒక మేకల కాపరి. నా పుస్తకం తీసి చూసుకుంటే, ఆ అబ్బాయి మాట నిజమో కాదో తేల్చడానికి సరిపడా ఏళ్లు అందులో లేవు.

ఈ మాటలు వింటున్న ఉపాధ్యాయులకి, పింఛను తీసుకుంటున్న నాలాంటి వాళ్లకి ఒక మనవి. ఈ ఆదివారం మీ ఊరి ఏటికి పోండి. ఒక చెట్టు ఎంచుకోండి. నాలుగున్నర అడుగుల ఎత్తున గీత గీసి కొలవండి. దాని నీడ పరుచుకున్నంత మేర మొలకలు వెతికి, ఎన్ని ఉంటే అన్ని, లేకపోతే లేవని, తేదీ వేసి, మీ పేరుతో రాయండి. వచ్చే నెల అదే ఆదివారం మళ్లీ పోండి. మీ అవ్వో తాతో ఇంకా ఉంటే, వాళ్ల చిన్నతనంలో చెలమ ఎంత లోతులో ఊరేదో ముందు అడిగి మొదటి పేజీలో రాసుకోండి. మా అవ్వని నేను అడగలేదు.